మంచి కార్డు దొరికినవాడి గురించి రాయి

వెస్ట్ మాంబళం, చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

రంగును బట్టి మనుషులకి కార్డులిచ్చి, ఊరిని నాలుగు వలయాలుగా విడదీసిన ప్రభుత్వం గురించి నువ్వు రాస్తున్న నవల మొదటి మూడు అధ్యాయాలు అందాయి. ఒకసారి ఊరికే చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. ఉత్తరం నిండా మేడమ్, మేడమ్ అని రాశావు. మీ అమ్మమ్మా నేనూ చూలైలో పక్కపక్క పోర్షన్లలో పెరిగినవాళ్ళం. నన్ను చిన్నమ్మమ్మా అని పిలువు, చాలు.

ముందు బాగున్న చోటు చెప్తాను. అక్కకి బయటి వలయం కార్డు, తమ్ముడికి లోపలి వలయం కార్డు వచ్చిన రాత్రి వాళ్ళమ్మ ఏమీ మాట్లాడదు. పిల్లాడి చొక్కాకి ఊడిపోయిన గుండీ కుట్టి, దారం పళ్ళతో తెంపుతుంది. అక్కడ నేను కాగితాలు పక్కన పెట్టి కాసేపు అలా కూర్చుండిపోయాను. ఇరవై ఏళ్ళకే అలాంటి వాక్యం రాయగలిగినదానివి, దానికి ముందు పన్నెండు పేజీల యుద్ధ చరిత్ర ఎందుకు పెట్టావు? ఏ ఏడు ఏ దేశం కూలింది, గోడ ఎవరు కట్టించారు, వలయాలు నాలుగే ఎందుకయ్యాయి, ఇవన్నీ నీకు తెలిసి ఉండాలి. పాఠకుడికి ఆ గుండీ చాలు. పన్నెండు పేజీలూ తీసి నీ దగ్గర దాచుకో.

ఇక ఆ కార్డు సంగతి. నీ కథలో గేటు దగ్గర ఒక యంత్రం ఉంది. ముఖం మీద లైటు వేసి, క్షణంలో మనిషి జాతి తేల్చేస్తుంది. ఎప్పుడూ తప్పు చేయదు. ఈ యంత్రాన్ని మార్చమని గట్టిగా చెప్తున్నాను. మనుషుల్ని రంగును బట్టి విడదీసిన ప్రభుత్వాలకి అంత కచ్చితత్వం ఏనాడూ లేదు. దక్షిణాఫ్రికాలో 1950లో జనాభా నమోదు చట్టం తెచ్చారు. ప్రతి మనిషి పేరు పక్కనా ఒక జాతి రాయాలి. ఎలా రాస్తారు? మనిషి చూడ్డానికి ఎలా ఉన్నాడు, చుట్టుపక్కలవాళ్ళు అతన్ని ఏమనుకుంటున్నారు, ఇదే కొలత. అనుమానం వస్తే జుట్టులో పెన్సిల్ గుచ్చి చూసేవాళ్ళు. జారి పడితే ఒక జాతి, చిక్కుకుంటే ఇంకో జాతి. ఒకే ఇంట్లో పుట్టిన అన్నది ఒక జాతి, చెల్లెలిది ఇంకో జాతి అయిన సందర్భాలున్నాయి. తెల్లవాళ్ళు ఇతర జాతులవాళ్ళని పెళ్ళి చేసుకోకూడదన్న చట్టం 1949లోనే వచ్చింది. ఎవరు ఏ పేటలో ఉండాలో చెప్పే చట్టం 1950లో వచ్చింది. అంటే బడి, పెళ్ళి, ఉండే ఇల్లు, అన్నీ ఆ పెన్సిల్ పడిందా లేదా అన్నదాని మీద ఆధారపడ్డాయి.

అందుకని యంత్రాన్ని తీసేసి అక్కడ ఒక గుమాస్తాని కూర్చోబెట్టు. భోజనం వేళ దాటిపోయింది. క్యూలో ఇంకా నలభై మంది ఉన్నారు. ఇంట్లో ఆయన కూతురికి జ్వరం. నీ నాయిక జుట్టు ఒకసారి పట్టుకుని చూసి, సీలు వేసి, తర్వాత ఎవరు అంటాడు. ఆయన చెడ్డవాడు కానక్కర్లేదు. నీ అధ్యక్షుడి మూడు పేజీల ప్రసంగం చదివితే నాకు భయం వేయలేదు. ఈ సీలు చప్పుడు వింటే వేస్తుంది.

పేర్లు కూడా చూసుకో. నీ ప్రభుత్వంలో 'విభజన దళం' అని ఒకటి ఉంది. ఏ ప్రభుత్వమూ తన పనికి అంత నిజమైన పేరు పెట్టుకోదు. 1952లో దక్షిణాఫ్రికాలో ఒక చట్టం వచ్చింది, పేరులోనే పాస్‌ల రద్దు అని ఉంది. అది చేసిన పనేమిటంటే, పాత పాస్‌ల బదులు నల్లజాతివాళ్ళు ఎప్పుడూ వెంట ఉంచుకోవాల్సిన పాస్‌బుక్కు ఒకటి చేతిలో పెట్టింది. 1959లో విశ్వవిద్యాలయ విద్యను విస్తరించే చట్టం అని ఇంకోటి తెచ్చారు. దాంతో అప్పటిదాకా కొందరు నల్లజాతి పిల్లల్ని చేర్చుకుంటున్న యూనివర్సిటీల తలుపులు కూడా మూసుకుపోయాయి. ఆస్ట్రేలియాలో ఆదివాసీ పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి తీసుకుపోయే అధికారం ఉన్న ఉద్యోగి హోదా ఏమిటో తెలుసా? ప్రధాన రక్షకుడు. నీ దళానికి కూడా ఒక మంచి పేరు వెతుకు. పిల్లల తల్లి ఆ పేరు విని ముందు నమ్మాలి.

ఇప్పుడు అసలు మాటకి వస్తాను. నీ తమ్ముడు గేటు దాటి లోపలికి వెళ్ళాడు. ఆ తర్వాత రెండు అధ్యాయాల్లో వాడు కనపడడు. అక్క ఏడవడానికి, గోడ ఎక్కడానికి ఒక కారణంగా మాత్రం మిగిలిపోయాడు. అమ్మాయ్, నీ నవల వాడి దగ్గరే ఉంది. బయట మిగిలినవాళ్ళ బాధ బాగానే రాశావు, ముందు ముందు ఇంకా బాగా రాస్తావు. మంచి కార్డు దొరికిన పిల్లవాడు మొదటి రోజు పొద్దున కడుపునిండా తిన్నప్పుడు వాడికి ఏమనిపించింది? అక్కచెల్లెళ్ళు ఉన్నారా అని బడిలో ఎవరో అడిగితే ఏం చెప్పాడు? మనం ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ పెరిగినవాళ్ళం. బడికి వెళ్ళిన పిల్లాడి నోట్లోంచి ఇంటి మాటలు ఒక్కొక్కటే ఎలా జారిపోతాయో నీకూ తెలుసు, నాకూ తెలుసు. వాడు ఏ మాట ముందు పోగొట్టుకుంటాడు? ఏ మాట చివరిదాకా పట్టుకుంటాడు? ఇవి రాయి.

ఇది ఇంత పట్టుబట్టి ఎందుకు చెప్తున్నానో మీ అమ్మమ్మకి తెలుసు.

1974లో మా అక్కకి పెళ్ళిచూపులు. అక్క చామనచాయ కంటే ఒక పిసరు రంగు తక్కువ. నేను మా నాన్న రంగు. పెళ్ళివాళ్ళు బయల్దేరారని కబురు రాగానే మా అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, "నువ్వు కాసేపు పక్కింట్లో కూర్చోవే, వాళ్ళు వెళ్ళాక పిలుస్తాను" అంది. కారణం చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. నన్ను చూస్తే అక్కని వద్దంటారేమోనని ఇంటిల్లిపాదికీ భయం. వెళ్ళి మీ అమ్మమ్మ వాళ్ళింట్లో కూర్చున్నాను. పదహారేళ్ళు నాకు. అక్క కోసం బాధపడ్డానని చెప్తే అబద్ధం అవుతుంది. నన్ను దాచాల్సి వచ్చింది కదా అని లోపల ఎక్కడో బాగుందనిపించింది. ఇన్నేళ్ళు ఇన్ని కథలు రాశాను, ఈ మాట మాత్రం ఎక్కడా రాయలేకపోయాను.

ముప్పై ఏళ్ళు పోయాక ఒకరోజు, "ఆ రోజు నీకేమనిపించింది అక్కా?" అని అడిగాను. పెళ్ళివాళ్ళ గురించి, అమ్మ గురించి ఒక్క మాట అనలేదు. "నువ్వు తిరిగొచ్చేసరికి నీ చేతిలో మైసూర్‌పాక్ ముక్క ఉంది. నాకు పెట్టకుండా తినేశావు" అంది.

నాకా మైసూర్‌పాక్ అస్సలు గుర్తులేదు.

తమ్ముడి అధ్యాయం రాసేటప్పుడు దీన్ని పక్కన పెట్టుకో. వాడు మర్చిపోయినవి అక్క దగ్గర ఉంటాయి. మా ఇంట్లో జరిగినదాన్ని పోలీసులతో, చట్టాలతో నడిచిన వివక్షతో సమానం చేయను. మమ్మల్ని ఎవరూ ఇంట్లోంచి వెళ్ళగొట్టలేదు. కానీ రంగు ఒక ఇంటిని లోపల్నుంచి ఎలా చీలుస్తుందో నేను నేర్చుకున్నది ఆ పోర్షన్‌లోనే.

చట్టం కూడా కలిస్తే ఏమవుతుందో తెలియాలంటే సాండ్రా లైంగ్ జీవితం గురించి చదువు. 1955లో దక్షిణాఫ్రికాలో తెల్లజాతి దంపతులకి పుట్టింది. చర్మం కాస్త ముదురు రంగు, జుట్టు ఉంగరాలు. 1966లో, పదేళ్ళ పిల్లని, తెల్లపిల్లల బడిలోంచి పోలీసులు తీసుకుపోయారు. కాగితాల్లో మిశ్రమ జాతి అని మార్చారు. తండ్రి ఊరుకోలేదు, కోర్టుకి వెళ్ళాడు. 1967లో తల్లిదండ్రుల జాతే పిల్లల జాతి అని చట్టం మారింది, సాండ్రా మళ్ళీ తెల్లపిల్ల అయింది. అయినా ఆ తెల్లవాళ్ళు ఆమెని దగ్గరికి రానివ్వలేదు. కొన్నేళ్ళకి ఆమె ఒక నల్లజాతి యువకుడితో వెళ్ళిపోయింది. అప్పుడు అదే తండ్రి తలుపు మూసేశాడు. ఆమె పిల్లలది ఒక జాతి, కాగితం మీద ఆమెది వేరే జాతి. పిల్లల్ని తన దగ్గర ఉంచుకోవడానికి, తండ్రి కొట్లాడి తెచ్చిన ఆ తెల్ల కాగితాన్ని ఆమె వదులుకోవాల్సి వచ్చింది.

కూతురి కోసం ప్రభుత్వంతో పోరాడినవాడూ, కూతుర్ని గడప తొక్కనివ్వనివాడూ ఒకే మనిషి. నీ నవలలో తండ్రి మొదటి పేజీలోనే చచ్చిపోయాడు. ఆయన్ని బతికించు.

నీ ఊరికి పేరు పెట్టలేదు, తీరనగరం అన్నావు. అది నీ ఇష్టం. కానీ నీ కాళ్ళ కింద ఉన్న ఊరిని ఒకసారి చూడు. మా నాన్న కొత్వాల్ చావడిలో ఒక కొట్లో పద్దులు రాసేవాడు. ఆయనకి క్యారియర్ తీసుకుని ఏళ్ళ తరబడి వాల్‌టాక్స్ రోడ్డు దాటి వెళ్ళాను. ఆ పేరుకి అర్థం ముప్పై దాటాక తెలిసింది. ఇంగ్లీషువాళ్ళు తాము ఉండే కోట లోపలి భాగాన్ని వైట్ టౌన్ అనీ, బయట మనవాళ్ళు ఉండేదాన్ని బ్లాక్ టౌన్ అనీ దాపరికం లేకుండా రాసుకున్నారు. 18వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్ళతో యుద్ధాలు జరిగిన కాలంలో, కోట ఫిరంగులకి అడ్డం ఉండకూడదని పాత బ్లాక్ టౌన్ ఇళ్ళు పడగొట్టారు. ఇప్పుడు హైకోర్టు ఉన్న చోటు అది. ఈ హద్దు దాటి కోట వైపు ఎవరూ ఇల్లు కట్టకూడదని 1773లో ఆరు స్తంభాలు నిలబెట్టారు. వాటిలో ఒకటి ప్యారీస్ కార్నర్‌లో ఇంకా ఉంది. కొత్త బ్లాక్ టౌన్‌కి గోడ కట్టి, ఆ గోడ ఖర్చుకి అక్కడ ఉండేవాళ్ళే పన్ను కట్టాలన్నారు. పన్ను వసూలు కాలేదు. పేరు మాత్రం రోడ్డుకి మిగిలిపోయింది.

నీ వలయాల గోడకి డబ్బు ఎవరిస్తున్నారు? నీ నాయిక మొదటి నెల జీతం చీటీలో 'గోడ' అని ఒక కోత పడితే ఎలా ఉంటుందో రాసి చూడు.

ఇవన్నీ ఎక్కడో జరిగాయి, మనవాళ్ళకి సంబంధం లేదనుకోకు. 1860లో మన మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ చెరకు తోటల కూలీలతో బయల్దేరి, నవంబర్ 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. తర్వాత ఎన్నో ఓడలు వెళ్ళాయి. అలా వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళున్నారు. నాయుడు అన్న మాట అక్కడ నైడూ అయి ఇంటిపేరుగా ఇప్పటికీ నడుస్తోంది. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. వర్ణవివక్ష పాలనలో భారతీయులది మధ్య మెట్టు, తెల్లవాళ్ళకి కింద, నల్లవాళ్ళకి పైన. పేటల చట్టం కింద వాళ్ళ ఇళ్ళూ పోయాయి. డర్బన్‌లో వాళ్ళ కోసమని చాట్స్‌వర్త్ అనే పేట కట్టి అక్కడికి తరలించారు. 1984లో ప్రభుత్వం వాళ్ళకి ఇంకాస్త మంచి కార్డు చూపించింది. పార్లమెంటులో భారతీయులకి ఒక సభ, మిశ్రమ జాతివాళ్ళకి ఒక సభ. దేశంలో అందరికంటే ఎక్కువమంది ఉన్న నల్లవాళ్ళకి ఏమీ లేదు. భారతీయుల్లో చాలామంది ఆ ఎన్నికల్లో ఓటు వేయడానికి వెళ్ళలేదు. కొందరు వెళ్ళారు. కొందరు పోటీ చేసి సభలో కూర్చున్నారు. ఓటేసిన అన్న, వేయని తమ్ముడు ఆ రాత్రి ఒకే టేబుల్ దగ్గర అన్నానికి కూర్చున్న ఇల్లు ఊహించు. చారు గిన్నె ఎవరు ఎవరికి అందించారు? ఈ భోజనం దగ్గర కావాల్సినంతసేపు ఆగు, తొందరపడకు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. రెండో అధ్యాయంలో రంగు సంగతి మధ్యలో వదిలేసి కులాన్ని రాయడం మొదలుపెట్టావు. రెండూ మనిషిని కిందికి తోసేవే, తోసే తీరు వేరు. అక్కడ గుమాస్తా ముఖం చూడాలి. ఇక్కడ అద్దెకి ఇల్లు అడగడానికి వెళ్తే ముఖం చూడకుండానే "మీరేమిట్లు?" అంటారు. కులం గురించి రాయాలని ఉంటే కులం పేరుతోనే రాయి. రంగు వెనక దాచకు.

నీ పాఠకులకి పదిహేను, పదహారేళ్ళు ఉంటాయి. ప్లస్ టూ, నీట్ టెన్షన్ మధ్యలో ఒక గంట దొరికించుకుని నీ పుస్తకం తెరుస్తారు. చివర్లో నీ నాయిక ప్రభుత్వాన్నే కూల్చేస్తుందని రాశావు. ఆ పిల్ల చేతికి అందే పని ఒకటి ఇవ్వు. అమెరికాలో 1865లో బానిసత్వం రద్దయ్యాక, విడుదలైనవాళ్ళు తమ నుంచి వేరుచేసి అమ్మేసిన బిడ్డల కోసం, తల్లుల కోసం పత్రికల్లో ప్రకటనలు ఇచ్చారు. నన్ను ఫలానా ఊళ్ళో ఫలానావాళ్ళకి అమ్మారు, మా అమ్మ పేరు ఇది, అప్పుడు తమ్ముడు ఇంత ఉండేవాడు, ఇలా ఉండేవి. చర్చిల్లో పాస్టర్లు వాటిని పైకి చదివి వినిపించేవాళ్ళు. దశాబ్దాలపాటు అలా వెతుకుతూనే ఉన్నారు. నీ అమ్మాయి చేత అలాంటి ప్రకటన ఒకటి రాయించు. అది గోడ దాటి తమ్ముడి చేతిలో పడనీ. వాడు జవాబు రాస్తాడో, మడిచి జేబులో పెట్టుకుంటాడో నువ్వే తేల్చుకో. నాకు ముందే చెప్పకు.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికల్లా, ఎండెక్కకముందే, ప్యారీస్ కార్నర్‌కి రా. స్తంభం చూసి, వాల్‌టాక్స్ రోడ్డు మీదుగా చూలై దాకా నడుద్దాం. మా పోర్షన్ ఇప్పుడు లేదు, మీ అమ్మమ్మ వాళ్ళ వాకిలి ఉంది. అక్క ఈ నెలంతా నా దగ్గరే ఉంటోంది. మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం చేద్దువుగాని. తమ్ముడి అధ్యాయం నాలుగు పేజీలైనా రాసి తీసుకురా. అక్కకి చదివి వినిపించాలి.

నీ
చిన్నమ్మమ్మ