పెల్లెట్ పొయ్యి బ్లోయర్ మొరాయిస్తే

ప్రశ్న: మారతహళ్లిలో మాది చిన్న ఆంధ్రా మెస్. అన్నం, పప్పు, సాంబారు అన్నీ పెల్లెట్ (రంపపుపొట్టు లాంటివి గట్టిగా నొక్కి చేసిన గుళికలు) పొయ్యి మీదే. వారం నుంచి స్విచ్ వేస్తే పొయ్యికి గాలి ఊదే బ్లోయర్ గుయ్‌మంటుంది తప్ప తిరగదు. ఒక్కోసారి తిరిగినా గంటలో ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ తిరుగుతుంది. మెకానిక్ మోటారు కాలిపోయింది, బ్లోయర్ మొత్తం మార్చాలంటున్నాడు. మార్చక తప్పదా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఇప్పుడే మార్చకండి. గుయ్‌మంటోందంటే కరెంటు స్విచ్చూ వైరూ దాటి మోటారు దాకా వస్తోందన్నమాట. కాలిపోయిన మోటారు చాలావరకు ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటుంది. లేదంటే స్విచ్ వేయగానే ఎంసీబీ పడిపోతుంది, మాడిన వార్నిష్ వాసన కొడుతుంది. మీరు ముందు అనుమానించాల్సింది కెపాసిటర్‌ని (మోటారు తిరగడం మొదలయ్యేలా చేసే చిన్న డబ్బా), ఆ తర్వాత ఫ్యాను చక్రాన్ని, బేరింగులను.

నిప్పు పూర్తిగా ఆరాకే చెయ్యి పెట్టండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకేయాలి. పొయ్యికి వెళ్లే గొట్టం విప్పి చక్రాన్ని వేలితో తిప్పి చూడండి. తేలిగ్గా రెండు మూడు చుట్లు తిరిగి ఆగితే బేరింగులు బాగున్నట్టే. బరువుగా తిరిగినా, గరగరమన్నా లోపల చూడాలి. వంటింటి బ్లోయర్లలో చక్రం రెక్కల మధ్య బూడిద, పోపు నూనె ఆవిరి కలిసి చిమ్మిలి ముద్దలా గట్టిపడి ఉంటాయి. ఇనుప కడ్డీతో పొడవకండి, రెక్క వంగితే బ్యాలెన్స్ పోయి కొత్త బేరింగులు కూడా త్వరగా అరిగిపోతాయి. సబ్బునీళ్లలో తడిపిన బట్టతో, ప్లాస్టిక్ గరిటె అంచుతో గీకి తీయండి. నీళ్లు మోటారు వైపు పోనివ్వొద్దు.

చక్రం తేలిగ్గా తిరుగుతూ స్విచ్ వేస్తే మాత్రం కదలడం లేదంటే తప్పు దాదాపుగా కెపాసిటర్‌దే. ముందు దాని రెండు వైర్లనూ ఒక ఫిలమెంట్ బల్బు వైర్లకు ఆనించి మిగిలిన చార్జి దింపేయండి. తర్వాత మల్టీమీటర్‌తో కొలవండి. పైన 4 మైక్రోఫారడ్ అని రాసి ఉండి మీటరు 3 చూపిస్తే అది పనికిరాదు. కొత్తది అదే మైక్రోఫారడ్‌లో, వోల్టేజి అంతే లేదా ఎక్కువ, సాధారణంగా 440 వోల్టులది తెచ్చుకోండి. ఎస్.పి. రోడ్డులో గానీ, మీ వీధిలోని వైండింగ్ షాపులో గానీ దొరుకుతుంది. బ్లోయర్ ధరతో పోలిస్తే ఆ ఖర్చు లెక్కలోకి రాదు. కెపాసిటరే లేని చిన్న మోటారైతే మాత్రం బుష్ (బేరింగుకు బదులుండే చిన్న లోహపు గొట్టం) బిగుసుకుందేమో చూడాలి.

కెపాసిటర్ మార్చినా తిరగకపోతే అప్పుడు వైండింగ్ (మోటారులోని తీగచుట్ట) కొలవండి. కెపాసిటర్ విప్పేశాక మోటారులోంచి మూడు వైర్లు మిగులుతాయి. రెండేసి వైర్ల మధ్య ఓమ్స్ చూడండి. రెండు చిన్న రీడింగుల మొత్తం మూడో రీడింగుకు సమానం కావాలి. 60, 80 వస్తే మూడోది 140 రావాలన్నమాట. ఎక్కడైనా మీటరు ఏమీ చూపకపోతే వైండింగ్ తెగింది. ఏ వైరుకైనా మోటారు బాడీతో కంటిన్యుటీ (కరెంటు దారి కలిసినట్టు మీటరు చూపడం) వస్తే ఆ మోటారుకు మళ్లీ కరెంటు ఇవ్వకండి, షాక్ కొడుతుంది. మెకానిక్ మాట నమ్మాల్సింది ఇలా రీడింగులు తేడా వచ్చినప్పుడే. తిరిగి బిగించేటప్పుడు వైర్లు తారుమారైతే చక్రం వెనక్కి తిరుగుతుంది. అప్పుడూ గాలి వస్తుంది గానీ బలం ఉండదు.

ఇక గంటలో ఆగి చల్లారాక తిరగడం. వైండింగ్‌లో ఉండే థర్మల్ కటాఫ్ చేసే పని అది. మోటారు వేడెక్కుతోంది కాబట్టి ఆపేస్తోంది. దాన్ని తీసి డైరెక్ట్ చేయించొద్దు, ఆ పనే మోటారును నిజంగా కాల్చేస్తుంది. గాలి కన్నాలు మూసుకుపోయాయా, బేరింగ్ బిగుసుకుందా చూడండి. బేరింగ్ నంబరు దాని అంచు మీదే ఉంటుంది. 6201 అయితే లోపలి వ్యాసం 12, బయటి వ్యాసం 32, మందం 10 మిల్లీమీటర్లు. బూడిద చోట రబ్బరు సీలున్న 2ఆర్ఎస్ రకం అడగండి. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడుపుతున్నా మోటారు గుయ్‌మంటూ వేడెక్కుతుంది.

నన్నడిగితే ఈ బ్లోయర్లను ఎక్కువగా చంపేది ఒక్క అలవాటు. వంట కాగానే, పొయ్యిలో నిప్పులు ఎర్రగా ఉండగానే స్విచ్ ఆపేస్తారు. గాలి ఆగగానే వేడీ పొగా గొట్టంలోంచి వెనక్కి మోటారు వైపు తన్నుతాయి. దయచేసి నిప్పు బూడిదయ్యేదాకా బ్లోయర్‌ను తక్కువలో తిరగనివ్వండి. వంట మధ్యలో బ్లోయర్ ఆగితే తలుపులు, కిటికీలు తీసి మనుషుల్ని బయటికి పంపండి. సగం కాలిన పెల్లెట్ల పొగలో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. నీళ్లు మాత్రం పోయకండి, ఆవిరి మొహాన కొడుతుంది.

ప్రశ్న: ఇంట్లోని చిన్న పెల్లెట్ పొయ్యికి 12 వోల్టుల ఫ్యాను. బ్యాటరీ మార్చాక తిరగడం లేదు.
– ఒక పాఠకురాలు, యలహంక

జవాబు: ఎర్ర వైరు ప్లస్‌కే వెళ్లిందా చూడండమ్మా. బ్రష్‌లెస్ ఫ్యాను ప్లస్, మైనస్ తిరగబడితే అసలు కదలదు. సరిచేసినా తిరగకపోతే రెగ్యులేటర్‌ను తప్పించి ఫ్యానుకు నేరుగా 12 వోల్టులు ఇవ్వండి. తిరిగితే రెగ్యులేటర్ మార్చాలి.

ప్రశ్న: అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో గది వెచ్చబెట్టే పెల్లెట్ స్టవ్ ఉంది. మంట బాగుంది, వేడిగాలి రావడం లేదు. ఇక్కడి నుంచి మోటారు పంపవచ్చా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: పంపకండి. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన 230 వోల్టుల, 50 హెర్ట్జ్ మోటారు పనికిరాదు. ఆ స్టవ్‌లో రెండు బ్లోయర్లుంటాయి. ఒకటి పొగను బయటికి లాగేది, రెండోది గదిలోకి వేడిగాలి పంపేది. మంట బాగుందంటే మొదటిది పనిచేస్తున్నట్టే. రెండోది చాలా మోడళ్లలో స్టవ్ వేడెక్కాకే మొదలవుతుంది. ఆ స్విచ్ నాణెమంత ఉష్ణోగ్రత బిళ్ల, సుమారు 45 డిగ్రీల సెల్సియస్ దగ్గర కలుస్తుంది. వెలిగించాక పావుగంట ఆగి చూడమనండి. అప్పటికీ రాకపోతే స్టవ్ ఆపి, చల్లారాక ప్లగ్గు తీసి, చక్రానికి పట్టిన దుమ్ము, పెంపుడు జంతువుల వెంట్రుకలు శుభ్రం చేయమనండి. తర్వాత ఆ బిళ్లకు కంటిన్యుటీ చూడాలి. చల్లగా ఉన్నప్పుడు తెరిచి, వేడెక్కితే కలవాలి. వేడెక్కినా కలవకపోతే అదే రేటింగు బిళ్ల వేయిస్తే సరిపోతుంది.