దోమతెర కట్టుకున్న పుట్టగొడుగు

ప్రశ్న: తీరం దగ్గర మా కొబ్బరి తోటను ఆనుకొని సరుగుడు, జీడిమామిడి వనం ఉంది. వానలు పడ్డాక అక్కడ జానెడు ఎత్తున, దోమతెర కట్టినట్టున్న తెల్లటి పుట్టగొడుగు మొలిచింది. కుళ్లు కంపు, పైన ఈగలు. మధ్యాహ్నానికి వాలిపోయింది. కొబ్బరికి తెగులు తెస్తుందా? తినవచ్చా? ఫొటో పంపాను.
– ఒక రైతు, సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: తెగులు భయం పెట్టుకోకండి. ఇది రాలిన ఆకు, పుచ్చిన మొద్దు తిని బతికేది. పచ్చి వేరు జోలికి రాదు. కొబ్బరిని చంపేది గానోడెర్మా అనే వేరే శిలీంధ్రం. అది చెట్టు మొదట్లోనే, చెక్కలా గట్టిగా, ఎర్రగోధుమ రంగులో, బయటికి పొడుచుకొచ్చిన అరలా పుడుతుంది. అయితే ఆ అర కనబడేసరికే జబ్బు ముదిరి ఉంటుంది. కాండం అడుగున బంక కారుతోందేమో ఇప్పటి నుంచే గమనించండి. కారితే 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (తెగులును అణచే మేలురకం శిలీంధ్రం) కలిపి చెట్టు పాదులో వేయండి.

ఫొటోలోది ఫాలస్ ఇండ్యూసియేటస్ అనిపిస్తోంది. 1798లో వాంతెనా అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పెట్టిన పేరది. లోవస్త్రం కట్టుకున్నదని అర్థం. మీ దోమతెర పోలికే నాకు ఎక్కువ నచ్చింది. దీనికి దగ్గరి చుట్టాలున్నాయి కనుక ఫొటో ఒక్కటే చాలదు. టోపీ మీది పచ్చగోధుమ జిగురును నీళ్లతో కడగండి. కింద తేనెపట్టులా గుంటలుంటే నా ఊహ నిజమే. ఒట్టి ముడతలుంటే ఫాలస్ మెరులినస్ కావచ్చు. కంపంతా ఆ జిగురుదే. ఈగలు వచ్చేది దానికోసమే. పోతూ పోతూ బీజాలను మోసుకుపోతాయి.

ఈసారి తెల్లవారుజామున వెళ్లండి. పీకకుండా చాకుతో మొదలంటా తవ్వి తీయండి. అడుగున గుడ్డు పెంకులాంటి సంచి ఉంటుంది, అది తెగిపోతే గుర్తుపట్టడం కష్టం. కాగితంలో చుట్టండి, ప్లాస్టిక్ సంచిలో చెమ్మకు ముద్దయిపోతుంది.

చైనాలో దీని జిగురు తీసేసి, ఎండబెట్టి, సూపుల్లో వేసుకుంటారు. మీరు మాత్రం తినవద్దు. గుడ్డు దశలో అసలే వద్దు. ప్రాణం తీసే అమానిటా రకాలు కూడా నేలలోంచి ఇలాగే తెల్ల గుడ్డులా పైకి వస్తాయి. నిలువుగా కోస్తే ఫాలస్‌లో పైపొర కింద జిగట గుజ్జు కనిపిస్తుంది, అమానిటాలో బుల్లి గొడుగు రూపం ఉంటుంది. వెండి నాణెం నల్లబడకపోతే మంచిదని, చీమలు పడితే విషం లేదని చెప్పేవారి మాట నమ్మకండి.

కడిగిన టోపీ, కోసిన గుడ్డు ఫొటోలు పంపండి. అది సరుగుడు కింద మొలిచిందో, జీడిమామిడి కింద మొలిచిందో కూడా రాయండి.