అరకు ఘాట్ దిగేటప్పుడు వేళ్లు కొంకర్లు పోతుంటే

అన్నా, క్రిస్మస్ సెలవుల్లో మళ్లీ వైజాగ్ నుంచి అరకు సైకిళ్ల మీద వెళ్తున్నాం, కిందటేడు దిగేటప్పుడు వదినకి వేళ్లు కొంకర్లు పోయి బ్రేక్ పట్టలేకపోయింది, మందం జాకెట్ కొనమంటారా అని అడిగారు కదా. వద్దన్నా, అసలు తంటా చెమటతో. ఎస్.కోట (శృంగవరపుకోట) దాటాక ఘాట్ ఎక్కుతుంటే బనీను తడిసి ముద్దవుతుంది, అదే తడితో దిగితే ఎదురుగాలికి ఒళ్లు చల్లబడిపోయి వేళ్లకి రక్తం తగ్గిపోద్ది. అందుకే ఎక్కేటప్పుడు పల్చగా ఉండండి, ఘాట్ పైన గాలికొండ వ్యూపాయింట్ దగ్గర ఆగి పొడి బనీను మార్చుకుని, ఛాతీ మీద న్యూస్‌పేపర్ మడతపెట్టి పైన విండ్‌చీటర్ వేసేయండి, చాలా తేడా తెలుస్తుంది. గ్లవ్స్ ఫుల్ ఫింగర్‌వే తీసుకోండి, లోపల వేళ్లు ఆడాలి, బిగుతుగా ఉంటే ఇంకా మొద్దుబారతాయి.

ఇంకోటి, ఇది చాలామంది చూడరు. వదిన చేతులు చిన్నవైతే బ్రేక్ లివర్ దూరమై వేళ్లు సాగదీసి పట్టుకోవాల్సి వస్తుంది, చలికి ఆ పట్టు నిలవదు. చాలా లివర్లకి రీచ్, అంటే హ్యాండిల్‌కీ లివర్‌కీ మధ్య దూరం, తగ్గించే చిన్న స్క్రూ ఉంటుంది, తిప్పి దగ్గరికి తెచ్చాక బ్రేక్ సరిగ్గా పడుతోందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి. దిగేటప్పుడు అదేపనిగా నొక్కి పట్టుకోకుండా మలుపుకి ముందే స్పీడ్ తగ్గించి వదిలేయాలి, చేతులకీ కాస్త రెస్ట్.

వైజాగ్ నుంచి అరకుకి సుమారు 115 కిలోమీటర్లు, డిసెంబర్‌లో అయిదున్నరకే పొద్దుగూకుతుంది, పొద్దున్నేమో పొగమంచు, కాబట్టి ఒక్కరోజులో తోసేయొద్దు, ఎస్.కోటలో రాత్రి ఆగి మంచు విడిచాక ఘాట్ ఎక్కండి, వెనక రెడ్ లైట్ పగలు కూడా ఆన్‌లోనే ఉంచండి. లివర్ ఫోటో ఒకటి పెట్టండన్నా, స్క్రూ ఎక్కడుందో చూసి చెప్తాను.