95 శాతం శుద్ధత ఉన్న రీకాంబినెంట్ (జీన్‌ని వేరే కణాల్లో పెట్టి తయారు చేసిన) ఎంజైమ్ కొన్నాం, మా అస్సేలో (దాని పనిని కొలిచే పరీక్షలో) అసలు పని చేయడం లేదు. కంపెనీ మోసం చేసిందా?

మోసం అని నేను అనను. ఆ 95 శాతం నిజమే అయి ఉంటుంది. గొట్టంలో ఉన్న ప్రొటీన్‌లో మీరు అడిగిన ప్రొటీన్ ఎంత ఉందో ఆ అంకె చెబుతుంది, అంతే. అది పని చేసే స్థితిలో ఉందా అన్నది ఆ అంకెలో లేదు. నాకు ఈ సంగతి రెండు నెలలు పోయాక తెలిసింది.

అప్పుడు పీహెచ్‌డీ రెండో ఏడాది. ఈ. కోలై బ్యాక్టీరియాలోని ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఫాస్ఫేట్‌ని తెంచే ఎంజైమ్) మా ల్యాబ్‌లో తెగ ఖర్చయ్యేది. మనమే తయారు చేసుకుందామని ఆ జీన్‌ని టీ7 వెక్టర్‌లో, అంటే జీన్‌ని ఈ. కోలై కణాల్లోకి మోసుకెళ్లే డీఎన్ఏలో, పెట్టాను. మొదట్లో ఉండే 21 అమైనో ఆమ్లాల సిగ్నల్ పెప్టైడ్ (ప్రొటీన్‌ని కణం లోపలి పొర దాటించే చీటీ లాంటిది) అనవసరమనిపించి తీసేసి, ఆ చోట ఆరు హిస్టిడిన్ల ట్యాగ్ తగిలించాను. ప్రొటీన్ తయారీని మొదలుపెట్టించే ఐపీటీజీ వేసి 18 డిగ్రీల దగ్గర రాత్రంతా పెంచాను. పొద్దున్నే ఆ ట్యాగ్‌ని పట్టుకునే నికెల్ కాలమ్ నడిపి, ప్రొటీన్లను సైజు ప్రకారం విడదీసే జెల్ వేస్తే 47 కిలోడాల్టన్ల చుట్టుపక్కల ఒకే ఒక్క బ్యాండ్, లావుగా, ముదురు నీలంగా. ల్యాబ్ మీటింగ్‌లో ఆ ఫోటో చూసి అందరూ మెచ్చుకున్నారు.

మధ్యాహ్నం అస్సే పెట్టాను. సబ్‌స్ట్రేట్, అంటే ఎంజైమ్ పని చేయాల్సిన పదార్థం, పారానైట్రోఫెనిల్ ఫాస్ఫేట్ పోస్తే పసుపు రంగు రావాలి. ప్లేట్ నీళ్లలాగే ఉంది. గంట చూశాను, మర్నాడు పొద్దుటిదాకా ఉంచాను, రాలేదు. సబ్‌స్ట్రేట్ పాడైందేమోనని కొత్తది కలిపాను. బఫర్ పీహెచ్ 8 నుంచి 10 దాకా మార్చాను. ఈ ఎంజైమ్‌కి జింకు, మెగ్నీషియం కావాలి కదా అని అవీ కలిపాను. మళ్లీ మళ్లీ శుద్ధి చేశాను. ప్రతిసారీ జెల్ ఇంకా అందంగా వచ్చేది, రంగు మాత్రం లేదు.

చివరికి పక్క ల్యాబ్ సీనియర్ ఒకావిడ నా బెంచి దగ్గర ఆగి, "సిగ్నల్ పెప్టైడ్ ఉంచావా, తీసేశావా?" అని అడిగారు. తీసేశానన్నాను. "అయితే నీ ప్రొటీన్ సైటోప్లాజంలోనే, కణం లోపలే, ఉండిపోయింది. అక్కడ డైసల్ఫైడ్ బంధాలు ఎలా ఏర్పడతాయి?"

అదీ అసలు సంగతి. ఈ ఎంజైమ్ మడత పడేది పెరిప్లాజంలో, అంటే బ్యాక్టీరియా రెండు పొరల మధ్య ఉండే చోట. ఒక్కో గొలుసులో మడతను బిగించి ఉంచే రెండు డైసల్ఫైడ్ (గంధకం-గంధకం) బంధాలు కుదరాలి. సైటోప్లాజంలో ఉండే రిడ్యూసింగ్ వాతావరణం వాటిని ఏర్పడనివ్వదు. పొరలో ఇమిడిన ప్రొటీన్‌లో ఏ భాగం లోపలుందో, ఏది బయటుందో తేల్చడానికి 1980లలోనే ఈ ఎంజైమ్‌ని వాడుకున్నది ఈ గుణం వల్లే: బయటున్న భాగానికి అతికిస్తేనే అది పని చేస్తుంది. జెల్‌లో నాకు ఇదేమీ కనిపించకపోవడానికి కారణం ఉంది. శాంపిల్‌ని మడత విప్పే ఎస్‌డీఎస్, డైసల్ఫైడ్ బంధాలు తెంచే బీటా మెర్కాప్టోఎథనాల్ వేసి మరిగించేది మనమే. ముందు మడత సరిగ్గా ఉన్నా లేకపోయినా అక్కడ కనిపించేది అదే బ్యాండ్.

సిగ్నల్ పెప్టైడ్ ఉంచి మళ్లీ క్లోన్ చేశాను. కణాలను సుక్రోజ్‌లో నానబెట్టి, చల్లటి నీళ్లలోకి మార్చి పెరిప్లాజంలోది రాబట్టాను. వచ్చింది చాలా కొంచెం, జెల్‌లో వేరే బ్యాండ్లు కూడా ఉన్నాయి. కానీ సబ్‌స్ట్రేట్ పోసి రీడర్ దాకా వెళ్లేలోపే వెల్స్ పసుపెక్కిపోయాయి! ఈ జీన్ లేని ఖాళీ వెక్టర్ పెట్టిన కణాల వెల్స్‌లో రంగు లేదు.

ఇక మీ ఎంజైమ్. డేటాషీట్‌లో దేనికి వాడొచ్చో రాసిన చోట చూడండి. ఎస్‌డీఎస్ జెల్, వెస్టర్న్ బ్లాట్ (యాంటీబాడీతో ప్రొటీన్‌ని గుర్తించడం), ఇమ్యునోజెన్ (యాంటీబాడీలు పుట్టించడానికి వాడేది) అని మాత్రమే ఉంటే, అది ఎంజైమ్‌గా పని చేస్తుందని మీకెవరూ మాట ఇవ్వలేదు. యాంటీబాడీలు పుట్టించడానికి మడత చెడిన ప్రొటీన్ కూడా సరిపోతుంది. యాక్టివిటీ కొలవని ప్రొటీన్‌ని ఎంజైమ్ పేరుతో అమ్మేటప్పుడు ఆ సంగతి మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో రాయాలని నా గట్టి అభిప్రాయం. యూనిట్ల (ఎంజైమ్ పనిని కొలిచే లెక్క) గొడవ ఇంకోటి. ఒకరు డైఎథనాలమీన్ బఫర్‌లో 37 డిగ్రీల దగ్గర కొలుస్తారు, ఇంకొకరు గ్లైసీన్ బఫర్‌లో 25 దగ్గర. పేరు ఒకటే, పోల్చడానికి వీల్లేదు.

పేపర్లు రాసేవాళ్ల మీద నాకు ఇంకా కోపం. "ఎంజైమ్ ఫలానా కంపెనీ నుంచి కొన్నాం" అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటారు. కేటలాగ్ నంబరు ఉండదు, లాట్ (తయారైన విడత) నంబరు ఉండదు, ఏ కణాల్లో తయారైందో, ట్యాగ్ ఏ చివర ఉందో ఉండదు. అది చదివి మనం ఇంకో గొట్టం కొంటాం.

కంపెనీకి రాసి, మీ లాట్ స్పెసిఫిక్ యాక్టివిటీ (ఒక మిల్లీగ్రాము ప్రొటీన్‌కి ఎన్ని యూనిట్లో), దాన్ని కొలిచిన పద్ధతి అడగండి. ఒక్కసారి అచ్చంగా వాళ్ల బఫర్‌లో, వాళ్ల సబ్‌స్ట్రేట్‌తో చేసి చూడండి. అక్కడ పని చేస్తే లోపం మీ అస్సేలోనే. లోహం కావాల్సిన ఎంజైమ్ అయితే లోహాన్ని లాగేసే ఈడీటీఏ ఉందేమో, ఫాస్ఫటేజ్ అయితే బఫర్‌లో దాన్ని అడ్డుకునే ఫాస్ఫేట్ ఉందేమో వెతకండి. అక్కడా పని చేయకపోతే ఆ ఫలితాలు పంపి మార్చి ఇమ్మని అడగండి. ఈలోగా మిగిలినదాన్ని చిన్న చిన్న భాగాలుగా పంచి డేటాషీట్‌లో చెప్పిన ఉష్ణోగ్రత దగ్గర పెట్టండి, ఒకే గొట్టాన్ని మాటిమాటికీ కరిగించకండి.