ఎల్డెన్ రింగ్ వీడియో గేమ్‌లో పెద్ద కత్తి పట్టుకుంటే నేనే ముందు ఎందుకు చస్తున్నాను? (విజయనగరం నుంచి ప్రశ్న)

కత్తి మంచిదే. ఊపడం మొదలయ్యాక మధ్యలో ఆపలేకపోవడమే చిక్కు. కర్రసాములో బరువైన కర్ర తిప్పినట్టే, ఒకసారి చెయ్యి లేచాక దొర్లి తప్పించుకోలేరు. అందుకే బాస్ (పెద్ద శత్రువు) దెబ్బల వరస పూర్తయ్యాకే ఒక్క వేటు వేయండి. కంగారులో బటన్ రెండుసార్లు నొక్కితే ఆట రెండో వేటునూ గుర్తుపెట్టుకుని వేసేస్తుంది. చాలా చావులు అక్కడే.

తర్వాత బరువు చూడండి. ఆటలోని పెద్ద కత్తుల్లో ఒకటైన గ్రేట్‌స్వర్డ్ బరువే 23. మోయగలిగే బరువులో మీ సామాను 70 శాతానికి చేరితే దొర్లడం బియ్యం బస్తా పడ్డట్టు ఉంటుంది. ఒక కవచం తీసేయండి, సిగ్గేం లేదు.

గ్రేట్‌స్వర్డ్‌కి స్ట్రెంగ్త్ (మీ పాత్ర బలం అంకె) 31 కావాలి. కోడి రామ్మూర్తి నాయుడంత బలం అక్కర్లేదు: రెండు చేతులతో పట్టుకుంటే స్ట్రెంగ్త్ ఒకటిన్నర రెట్లుగా లెక్కవుతుంది కాబట్టి 21 చాలు. డెక్స్టెరిటీకి (చేతి నేర్పు అంకె) ఆ వెసులుబాటు లేదు, 12 ఉండాల్సిందే. తక్కువైతే డ్యామేజీ దారుణంగా పడిపోతుంది.

మొదట్లో లెవెల్ పెంచడం కన్నా కత్తిని స్మితింగ్ స్టోన్లతో (ఆయుధాన్ని మెరుగుపరిచే రాళ్లు) పెంచుకోవడమే లాభం. మామూలు కత్తి +25 దాకా, సోంబర్ రాళ్లతో పెరిగే ప్రత్యేక రకం +10 దాకా వెళ్తుంది.

బరువు కత్తికి అసలు బలం ఎగిరి కొట్టే దెబ్బలో ఉంది. ఎగిరి బరువు వేటు వేస్తూ ఉంటే శత్రువు నిలకడ తప్పి మోకాలిపై కూలబడతాడు. అప్పుడు ఎదురుగా వెళ్లి మామూలు దాడి బటన్ నొక్కితే క్రిటికల్ (మామూలుకన్నా చాలా గట్టి దెబ్బ) పడుతుంది.