రేడియేషన్ పడిన ఎముక పెట్ స్కాన్‌లో వెలిగితే...

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి ముక్కు వెనక భాగంలో క్యాన్సర్ వస్తే ఆరేళ్ల కిందట రేడియేషన్ ఇచ్చారు. ఇప్పుడు విపరీతమైన తలనొప్పి, ముక్కులోంచి దుర్వాసన. సీటీలో పుర్రె అడుగు ఎముక తినేసినట్టుందన్నారు. పెట్ స్కాన్‌లో అక్కడే వెలిగింది. జబ్బు తిరగబెట్టినట్టేనా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: పెట్‌లో వెలిగిందన్న ఒక్క మాట మీద ఆ నిర్ణయానికి రావద్దమ్మా. ఆ స్కాన్‌కి ఎక్కించేది చక్కెర లాంటి మందు. క్యాన్సర్ కణాలే కాదు, ఇన్ఫెక్షన్ ఉన్నచోట చేరే కణాలు కూడా దాన్ని బాగా లాగేసుకుంటాయి.

రేడియేషన్‌కి ఎముకలోని సన్నటి రక్తనాళాలు మెల్లగా మూసుకుపోతాయి. కొన్నేళ్లకు ఆ ఎముక చచ్చిపోవచ్చు, అందులో ఇన్ఫెక్షన్ చేరి దుర్వాసన రావచ్చు. ఎముక ఇలా చచ్చిపోవడాన్ని ఆస్టియోరేడియోనెక్రోసిస్ అంటాం. రేడియేషన్ డోసు 60 గ్రేలు (డోసును కొలిచే యూనిట్) దాటిన చోట దీని భయం ఎక్కువ. మీ నాన్నగారి రకం క్యాన్సర్‌కి మామూలుగా ఇచ్చే డోసు 70 గ్రేల దాకా ఉంటుంది. దుర్వాసన కూడా ఉందంటున్నారు కాబట్టి నాకు ముందు దీని మీదే అనుమానం.

రేడియాలజిస్టుగా నేనైతే సీటీలో పల్చటి పొరలుగా బొమ్మలు తీయించి ఎముకనే చూస్తాను. విడిపోయిన ఎముక తునకలు, వాటి మధ్య గాలి బుడగలు కనిపిస్తే చచ్చిన ఎముక వైపు మొగ్గుతాను. తర్వాత కాంట్రాస్ట్‌తో, అంటే బొమ్మ స్పష్టంగా రావడానికి మందు ఎక్కించి, ఎమ్మారై. అందులో గట్టి గడ్డ కనబడినా, అది నరాల దారి పట్టి పాకుతున్నా క్యాన్సర్ కోసం గట్టిగా వెతకాలి. ఇన్ఫెక్షన్ కూడా ఒక్కోసారి గడ్డలాగే కనిపిస్తుంది. ఇన్ఫెక్షన్, క్యాన్సర్ రెండూ కలిసి ఉన్నవాళ్లూ ఉంటారు. అప్పుడు ముక్క తీసి పరీక్షించక తప్పదు. రేడియేషన్ పడినచోట పుండు త్వరగా మానదు గనుక ఎక్కడ, ఎంత తీయాలన్నది ఈఎన్‌టీ, రేడియేషన్ డాక్టర్లు కలిసి నిర్ణయించాలి.

పాత స్కాన్ల సీడీలన్నీ దయచేసి వెతికి తీసుకెళ్లండి, రిపోర్టు కాగితాలు చాలవు. రెండేళ్ల కిందటి బొమ్మ పక్కన పెట్టుకుంటే మార్పు ఎప్పుడు మొదలైందో, ఎంత వేగంగా పెరిగిందో తెలుస్తుంది. ఏ ఎముక మీద ఎంత డోసు పడిందో చూపే రేడియేషన్ ప్లాన్ కూడా అడిగి తీసుకోండి.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని ఆ ఎముకను ఆనుకునే వెళ్తుంది, ఎముక పాడైతే అదీ దెబ్బతిని చిట్లవచ్చు. ముక్కులోంచి కొద్దిగా రక్తం వచ్చినా సరే, అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లి, రేడియేషన్ తీసుకున్న మనిషని మొదటి మాటగా చెప్పండి.