మెడల్ మొహం కాదు, అంచు చూడు తల్లీ

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు తెరిచి చాలాసేపు చూశాను. మీ అమ్మమ్మగారి ట్రంకుపెట్టెలో వాళ్ల నాన్నగారి రెండో ప్రపంచ యుద్ధం నాటి మిలిటరీ మెడల్స్ దొరికితే, పాత ఇనుప సామానోడికి వేసేయకుండా ఇవేమిటి పెదనాన్నా అని అడిగావు చూడు, సైన్యంలో రోడ్లు, వంతెనలు కట్టే ఇంజనీరింగ్ దళం మద్రాస్ సాపర్స్‌లో సర్వీసు చేసినవాడిగా నాకు కడుపు నిండిపోయింది.

ముందు ఒక మాట. వాటిని తోమొద్దు. ఇత్తడి చెంబులా కనబడ్డాయని మీ అమ్మ చింతపండు పట్టుకుని కూర్చుంటుందేమో, వద్దని చెప్పు. బ్రాసో పాలిష్ కూడా వద్దు. తోమిన కొద్దీ అంచు మీద అక్షరాలు అరిగిపోతాయి, మనకు కావలసినవి ఆ అక్షరాలే. రిబ్బను మాసిపోయినా విప్పకు. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడిచి ఊరుకో.

నువ్వు మెడల్స్ ముందూ వెనకా ఫోటోలు తీశావు గాని అంచు తియ్యలేదు. గుండ్రటి మెడల్‌ని నిలబెట్టి, గదిలో లైటు ఆపేసి, సెల్‌ఫోను టార్చి పక్కనుంచి ఏటవాలుగా కొట్టు. అరిగిన అక్షరాలు నీడ పడి పైకి తేలతాయి. అక్కడ సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం ఉంటాయి. మామూలుగా ఇంటిపేరు ఉండదు. పేరు కూడా రాసుకున్న గుమాస్తాకి ఎలా వినబడితే అలా ఉంటుంది. అప్పలస్వామి అన్న పేరుకి ఇంగ్లీషులో నాలుగైదు రకాల స్పెల్లింగులు రావచ్చు, కాబట్టి స్పెల్లింగు కలవలేదని మనిషి వేరనుకోకు. అన్నిటికన్నా విలువైంది నంబరు. బ్రిటన్ వాళ్లకిచ్చిన రెండో యుద్ధపు మెడల్స్ మీద పేర్లు వెయ్యలేదు, మనవాళ్లకిచ్చిన వాటి మీద చాలావరకు వేశారు. నక్షత్రం ఆకారంలో ఉన్నదానికి అంచు మీద చోటుండదు, దాని వెనక్కి తిప్పి చూడు.

ఇక ఫోటోల్లో నాకు తెలిసినంత చెబుతాను. మధ్యలో వెడల్పుగా ఎరుపు, రెండు పక్కలా నీలం, ఆ నీలం నడుమ నారింజ గీత ఉన్న రిబ్బనుతో ఉన్న నక్షత్రం బర్మా స్టార్. 1941 డిసెంబరు నుంచి 1945 సెప్టెంబరు దాకా జరిగిన బర్మా యుద్ధానికి ఇచ్చారు. అయితే అది ఉన్నంత మాత్రాన ఆయన బర్మాలో అడుగుపెట్టారని రాసెయ్యకు. అస్సాంలోనూ బెంగాల్లోనూ నిర్ణీత కాలాల్లో, నిర్ణీత ప్రాంతాల్లో పనిచేసినవాళ్లకీ అది వచ్చింది. సింహం రెండు తలల డ్రాగన్ మీద నిలబడ్డ తెల్లటిది వార్ మెడల్. భారతదేశం పటం ఉన్నది ఇండియా సర్వీస్ మెడల్, యుద్ధరంగానికి బయట మూడేళ్లు పనిచేసినవాళ్లది.

బర్మా స్టార్ ఉన్న మనిషికి మామూలుగా 1939-45 స్టార్ కూడా ఉంటుంది. అది నీ ఫోటోల్లో లేదు. ముదురు నీలం, ఎరుపు, లేత నీలం సమానంగా ఉండే రిబ్బను. పెట్టె అడుగున పరిచిన కాగితం కిందా, పాత చీర మడతల్లోనూ ఇంకోసారి వెతుకు.

మీ అమ్మమ్మ ఇవి రాజుగారు వీరత్వానికి ఇచ్చినవని చెబుతూ పెరిగారని రాశావు. ఇవి యుద్ధంలో పనిచేసిన వాళ్లందరికీ ఇచ్చినవమ్మా. శౌర్యానికి ఇచ్చే ఇండియన్ డిస్టింగ్విష్డ్ సర్వీస్ మెడల్ మీద ఆ మాట అచ్చువేసే ఉంటుంది. ఆవిడకి ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం నెమ్మదిగా చెప్పు. కొండల్లో వానలో రోడ్డు వేసినవాడు, కంచర గాడిద మీద తూటాలు మోసినవాడు లేకపోతే బర్మా సరిహద్దులో జపాన్ వాళ్లు ముట్టడించిన ఇంఫాల్, కోహిమా నిలిచేవి కావు. ఆయన ఏం చేశారో తెలిశాక, చెయ్యనిది కలిపి చెప్పాల్సిన అవసరం ఉండదు.

దళం పేరు దగ్గర చాలామంది దారి తప్పుతారు. హైదరాబాద్ రెజిమెంట్ అని కనబడగానే నిజాం సైన్యం అనుకుంటారు. 19వ హైదరాబాద్ రెజిమెంట్ బ్రిటిష్ ఇండియా సైన్యంలోది, 1945లో దాని పేరే కుమావూన్ రెజిమెంట్‌గా మార్చారు. దాని రికార్డులకి రాణీఖేత్ పోవాలి. నిజాం సొంత దళాలు వేరు. మీ ముత్తాతగారిది మన గోదావరి ప్రాంతం కనుక సాపర్స్, కాయకష్టం పనులు చేసే పయొనీర్స్, మద్రాస్ రెజిమెంట్, రవాణా చూసే సర్వీస్ కోర్ ఇవే ఎక్కువగా తగలొచ్చు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అని ఊరికే అనలేదు.

దళం తేలితే ఉత్తరం ఎక్కడికి రాయాలో తేలుతుంది. సాపర్స్ రికార్డ్స్ బెంగళూరు, మద్రాస్ రెజిమెంట్‌ది నీలగిరిలో వెల్లింగ్టన్, ఆర్టిలరీది, అంటే ఫిరంగి దళానిది నాసిక్, బళ్లూ యంత్రాలూ బాగుచేసే ఇ.ఎం.ఇ.ది మన సికింద్రాబాదే. నంబరు, పేరు, ఊరు, తాలూకా, పాత జిల్లా రాసి, నువ్వు ఆయనకి ఏమవుతావో చెప్పి పంపు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే అర్జీ ఎలా రాయాలో చెబుతారు. అంత పాత సర్వీసు కాగితాలు దొరకడం కష్టం. రిజిస్టరులో ఒక్క వరుస దొరికినా చేరిన తేదీ, విడుదలైన తేదీ తెలుస్తాయి. ఆ పైన దళం కంపెనీ నంబరు తెలిస్తే, అది ఏ నెలలో ఎక్కడుందో చెప్పే యుద్ధ దినచర్యలు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ఆయనతో పాటు వెళ్లిన తమ్ముడు తిరిగిరాలేదని మీ అమ్మ ఒకసారి అన్నట్టు గుర్తు. ఆ పేరు యుద్ధంలో పోయినవాళ్ల సమాధులూ స్మారకాలూ చూసే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో వెతుకు, డబ్బులేం కట్టక్కర్లేదు. చాలా పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. సమాధి దొరకనివాళ్ల పేర్లు రంగూన్, సింగపూర్ స్మారకాల మీద చెక్కారు. విశాఖని విజగపటమనీ, కృష్ణాని కిస్ట్నా అనీ రాసేవారు, అలా కూడా వెతికి చూడు.

ఈ లోపు అమ్మమ్మ దగ్గర కూర్చుని ఫోనులో రికార్డు చెయ్యి. మెడల్ గురించి అడక్కు, ఆవిడకి తెలిసింది ఇప్పటికే చెప్పేశారు. నాన్నగారు ఏ ఊళ్ల పేర్లు తలుచుకునేవారు, హిందీ మాట్లాడేవారా, ఆయన్ని చూడటానికి ఏ ఊరి మిలిటరీ స్నేహితులు వచ్చేవారు, పింఛను వచ్చేదా, మాజీ సైనికుల కింద పొలం ఏమైనా ఇచ్చారా అని అడుగు. పింఛను పుస్తకం గాని, ఆ పొలం పట్టా గాని బయటపడితే అంచు అరిగిపోయినా మన పని నడుస్తుంది.

అంచు ఫోటోలు ఆదివారం లోపు పంపు. చదవలేకపోతే నేనే వచ్చి చూస్తాను.

ఇట్లు,
నీ పెదనాన్న